పదకొండు శుక్రవారాలు

కొలతలమ్మకి,

నువ్వక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడానికి కలం పట్టుకుని చాలాసేపే కూర్చున్నాను. బొంగరానికి జ్వరం లేదు. ఎక్కడా పడలేదు. పొద్దున కడుపునిండా తింది, ఇప్పుడు నా పక్కనే బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చుంది. అంతవరకు క్షేమమే. మిగతాది వరసగా చెప్పనివ్వు. ఏ ఉత్తరమైనా చివరి కాగితం ముందు చదివే అలవాటు నీకుంది. ఈ ఒక్కసారికి వద్దు.

కంటి ఆసుపత్రి వరండాలో ఉన్నాం. దాని కంట్లో చుక్కలు వేసి, కంటిపాప బాగా విచ్చుకునేదాకా కూర్చోమన్నారు. నేనేం రాస్తున్నానో చూద్దామని మెడ సాచింది కానీ, ఆ చుక్కలు పడ్డాక దగ్గరి అక్షరాలన్నీ అలుక్కుపోతాయట. "అంతా చీమలు నాన్నా" అని మానేసింది. సాయంత్రం ఐదింటికి మీ సొరంగం దగ్గరికి సామాన్ల వ్యాన్ బయల్దేరుతుంది. డ్రైవరు చేతికిస్తే శనివారానికి నీకు అందుతుంది. ఆదివారం నువ్వు ఫోన్ చేసేలోపు ఇది చదివుండాలి.

పోయిన ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. మొదటిది వంటింటి కుళాయి. వాషర్ మార్చాను, కారడం మానింది. తిప్పినప్పుడు మాత్రం తోక తొక్కిన పిల్లిలా అరుస్తోంది. రెండోది దాని బడి బూట్లు. బిగుతవలేదు. కొత్తవి కొనక్కర్లేదని నువ్వు సంతోషిస్తావు కానీ, ఎదిగే పిల్ల బూట్లు బిగుతవకపోవడం మంచి కబురేం కాదని నాకు ఈ వారమే తెలిసింది. మూడోది, "ఆ కొత్త వంట ఎంతదాకా వచ్చింది? పిల్లని మాడ్చకు" అన్నావు. నాలుగోది, కంటి డాక్టరు ఏమన్నారని. నాలుగోదానికి జవాబు చెప్పాలంటే మూడోదానితోనే మొదలుపెట్టాలి.

వంట సంగతి నీకు ఫోన్లో ముక్కలు ముక్కలుగానే తెలుసు. నీ వెనక లైన్లో నిలబడ్డవాళ్ళు దగ్గుతూ ఉంటే ఐదు నిమిషాల్లో ఏం చెబుతాం? పిండిమర అక్కని నువ్వు చూశావు. రెండేళ్ళ కిందట ఆవిడ వేళ్ళు బస్తా మూతి విప్పలేనంతగా వాచి ఉండేవి. రసీదు మీద సంతకం కూడా చెయ్యలేక బొటనవేలు అద్దేది. నువ్వు వెళ్ళిన పదిహేను రోజులకి వాళ్ళ పెద్ద కాటా బాగుచెయ్యడానికి వెళితే, ఇరవై కిలోల బస్తా తనే ఎత్తి పళ్ళెంలో పెట్టింది. నోరెళ్ళబెట్టాను.

"ఏం చేశావక్కా?" అన్నాను.

"తిండి మార్చాను తమ్ముడూ. అన్నీ మానేసి, ఒక్కొక్కటే మళ్ళీ తిని చూశాను. గోధుమ నాకు పడదట. చూశావా నా తలరాత, పిండి అమ్ముతాను, తినను" అని పడీపడీ నవ్వింది. ఇంకో మాట కూడా అంది. దాని సంగతి తర్వాత.

నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. నా పనే అది కదా! కాటా తప్పు చూపిస్తే ఏం చేస్తాం? పళ్ళెం ఖాళీ చేసి, ముల్లు సున్నాకి తెచ్చి, ఒక్కొక్క తూకపు రాయే వేస్తూ ఎక్కడ తేడా వస్తోందో పట్టుకుంటాం. రెండేళ్ళుగా బొంగరం మోకాళ్ళ విషయంలో డాక్టర్లు చెప్పిందల్లా చేతులు కట్టుకుని వింటున్నాను. కీళ్ళ జబ్బు, ఒంటిని కాపాడాల్సిన సైన్యమే ఒంటి మీద పడటం అన్నారు, ఎందుకంటే తెలీదన్నారు. మొదటిసారి నా చేతికి ఒక పని దొరికింది.

గోధుమ, పాలు, గుడ్డు, టమాటా, బంగాళదుంప, వంకాయ, మిరప, వేరుశెనగ, పంచదార. తొమ్మిది తీసేశాను. అన్నం, చేప, ఆకుకూర, గుమ్మడికాయ మిగిలాయి. పొద్దున లేవగానే కీళ్ళు ఎన్ని నిమిషాలు బిగుసుకున్నాయో గడియారం చూసి రాసేవాణ్ణి. మోకాలి చుట్టుకొలత టేపుతో కొలిచేవాణ్ణి. నలభై నిమిషాలు ఇరవై అయింది, ఆ ఇరవై కాస్తా ఐదుకి దిగింది, మూడో వారానికి సున్నా. మెట్లు రెండేసి చొప్పున దూకింది. నీకు చెబితే ఫోన్లో ఏడ్చావు. లైన్లోవాళ్ళు దగ్గడం కూడా మానేశారని చెప్పావు. "తిండి మార్చు కానీ మందు మార్చకు. శుక్రవారం ఇంజెక్షన్ వేస్తున్నావుగా?" అన్నావు.

"వేస్తున్నాను" అన్నాను.

దుకాణంలో మనుషుల్ని తూచే కాటా మీద దాన్ని వారానికోసారి నిలబెట్టేవాణ్ణి. నువ్వు వెళ్ళేటప్పుడు ఇరవైమూడు కిలోల నాలుగు వందల గ్రాములు. పోయిన వారం ఇరవైఒకటీ వంద. దాని పక్కన నేనేం రాసుకున్నానో తెలుసా? "వాపు తగ్గినందువల్ల" అని. ఎనిమిదేళ్ళ పిల్ల మోకాలి వాపు రెండు కిలోలుంటుందా? ఇంకెవరైనా ఆ మాటంటే నవ్వి దుకాణంలోంచి పంపేసేవాణ్ణి. నువ్వు కొండలు కొలిచేదానివి, నేను కాటాలు సరిచేసేవాణ్ణి, ఇక మనింట్లో అబద్ధం ఎక్కడ దాక్కుంటుంది అనేదానివి. నా నోట్‌బుక్కులోనే దాక్కుంది.

ఇప్పుడు శనివారం సంగతి.

ఒంటిపూట బడి కదా, బొంగరం మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. నేను నగల కాటా విప్పి పెట్టుకున్నాను. దానికి నా కంటి భూతద్దం పెట్టుకుని ఆ సన్నటి అంచులు చూడటం సరదా అని నీకు తెలుసు. ఎప్పుడూ కుడికంటికి పెట్టుకుంటుంది. ఆ రోజు ఎడమకంటికి పెట్టుకుంది.

"నాన్నా, దీనికి పొగ పట్టింది. తుడువు."

గుడ్డతో తుడిచిచ్చాను.

"ఇంకా ఉంది."

స్పిరిట్ పెట్టి తుడిచాను.

"ఇంకా ఉంది నాన్నా. నీకు తుడవడం రాదు" అని తనే కుడికంటికి మార్చుకుంది. "ఆఁ, ఇప్పుడు పోయింది."

చూశావా, స్పిరిట్ దెబ్బ అని నవ్వాను కూడా. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇద్దరం కలిసే విన్నాం కదా, ఈ జబ్బు పిల్లల కళ్ళలోకి కూడా వెళుతుందని, నొప్పి లేకుండా, ఎరుపెక్కకుండా వెళుతుందని. దాని కుడికన్ను నా అరచేత్తో మూశాను. రెండో చేతి వేళ్ళు మూడు చూపించాను.

"ఎన్ని?"

"చెయ్యి ఉంది."

"వేళ్ళెన్ని అమ్మా?"

"కదపకు నాన్నా, అప్పుడు చెప్తా."

నేను కదపడం లేదు.

దుకాణం తలుపు వేశానో లేదో కూడా గుర్తులేదు. కంటి డాక్టరు ఆ పెద్ద యంత్రం ముందు దాని గడ్డం ఆనించి ఎంతసేపు చూశారో! చివరికి కుర్చీ వెనక్కి జరిపి, "కంటి లోపల వాపు. కంటిపాప అంచు వెనకున్న కటకానికి అతుక్కుంటోంది. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు" అన్నారు.

"నొప్పని అనలేదండీ. ఎర్రబడను కూడా లేదు" అన్నాను.

"అనదు, ఎర్రబడదు. అందుకే మూడు నెలలకోసారి తీసుకురమ్మంటాం. మీరు రావాల్సిన తేదీ దాటి ఏడు వారాలైంది." కాగితాలు తిరగేస్తూనే, "వారం వారం ఇంజెక్షన్ పడుతోందిగా?" అని అడిగారు.

"పడుతోందండీ" అన్నాను.

బొంగరం నా ముఖంలోకి చూసింది.

"అయితే ఆ మందు చాలడం లేదన్నమాట. సోమవారం కీళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. ఇంకా గట్టి మందుకి మార్చాల్సి వస్తుంది" అని చీటీ రాశారు. గంటకోసారి వెయ్యాల్సిన చుక్కలిచ్చారు.

ఆదివారం నువ్వు ఫోన్ చేశావు. "కంటి డాక్టరు సంగతి రాయలేదేం?" అన్నావు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. నువ్వు ఆ దిగులుతోనే సొరంగంలోకి దిగాలి, కొలత తప్పితే అక్కడ మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది, ఇప్పుడెందుకు చెప్పడం అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అందులో నిజం ఆవగింజంత. మిగిలిందంతా పిరికితనం. "బొంగరం నిద్రపోతోంది, అంతా బాగుంది" అన్నాను. అది నిద్రపోవడం లేదు. నా ఎదురుగా గోడకి ఆనుకుని, చుక్కలు వేసిన కన్ను మూసుకుని నిలబడి ఉంది.

నర్సు వచ్చి ఇంకో విడత చుక్కలు వేసి వెళ్ళింది. ఇంకో ఇరవై నిమిషాలట. ఈలోపే ఇది రాసెయ్యాలి.

సోమవారం కీళ్ళ డాక్టరమ్మ కంటి చీటీ చదివింది. మోకాళ్ళు నొక్కి చూసింది. "ఇంజెక్షన్ వేస్తూండగానే కన్ను ఇలా అయిందంటే ఆలస్యం చెయ్యకూడదు" అని కొత్త మందు రాయడానికి కాగితం ముందుకు లాక్కుంది. దాంతో రాగల ఇబ్బందులు ఒక్కొక్కటే చెబుతోంది. అవసరం ఉందో లేదో తెలియని మందు నా అబద్ధం మీద నా కూతురి ఒంట్లోకి వెళ్ళబోతోంది.

"ఆగండి. ఇంజెక్షన్ వెయ్యడం లేదు" అన్నాను.

ఆవిడ కలం పక్కన పెట్టింది. "ఎన్ని వారాలుగా?"

"పదకొండు."

ఇదీ నీకు చెప్పాల్సింది. పదకొండు శుక్రవారాలు నేను దానికి ఇంజెక్షన్ వెయ్యలేదు. బీరువా పక్కన నువ్వు అతికించిన పట్టీలో పదకొండు టిక్కులూ నేనే పెట్టాను. పదకొండు ఆదివారాలు నువ్వు "వేశావా?" అంటే "వేశాను" అన్నాను. కంటి ఆసుపత్రికి కావాలనే తీసుకెళ్ళలేదు. వెళితే ఇంజెక్షన్ గురించి అడుగుతారు కాబట్టి. బొంగరానికి కూడా, "అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు, వచ్చాక ఆశ్చర్యపరుద్దాం" అని నేర్పాను. ఎనిమిదేళ్ళ పిల్ల చేత నీకు అబద్ధం ఆడించాను.

ఎందుకని డాక్టరమ్మ అడిగింది. నువ్వూ అడుగుతావు. నువ్వున్నప్పుడు ఇద్దరం పట్టుకునేవాళ్ళం, ఒకళ్ళు కథ చెబితే ఒకళ్ళు సూది వేసేవాళ్ళం. నువ్వు వెళ్ళాక గురువారం సాయంత్రం నుంచే దానికి వాంతులు. ఆ మందు పసుపు రంగు తలుచుకుంటేనే వాంతి. మంచం కిందికి దూరితే కాలు పట్టుకుని బయటికి లాగేవాణ్ణి. అదీ ఓర్చుకున్నాను. కానీ ఒక శుక్రవారం అది ఏడవలేదు. మంచం కిందికి దూరలేదు. "సరే నాన్నా, వెయ్యి" అని తనే గౌను పైకి తీసి తొడ చూపించి, గోడవైపు తిరిగింది. నాకు చెయ్యి ఆడలేదు. అప్పటికే మోకాళ్ళు బాగున్నాయి, మెట్లు దూకుతోంది. ఒక్క వారం చూద్దాం అనుకున్నాను. తర్వాత ఇంకో వారం. ప్రతివారం బాగుండేది, ప్రతివారం నీకు చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది.

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "మందు ఆపిన రోజే దాని పని ఆగిపోదండీ. కొన్ని వారాలపాటు దాని మేలు ఒంట్లో ఉంటుంది. మీరు గుమ్మడికాయకి వేసిన మార్కులు చాలావరకు ఆ మందువే" అంది. "వాంతులని ఒక్క ఫోన్ చేసి ఉంటే వాంతికి మందిచ్చేదాన్ని. వెయ్యలేకపోతున్నానంటే మా నర్సు చేత వేయించేదాన్ని." తిండి గురించి అడిగాను. "కొందరికి కొన్ని పడవు, కాదనను. కానీ ఎదిగే పిల్లకి తొమ్మిది ఒక్కసారే తీసేసి, పైగా మందు బదులు పెడతారా? బరువు చూశారా?" అంది. చూశానని చెప్పాను. అన్నిటికంటే ఆ మాట చెప్పడానికే ఎక్కువ సిగ్గేసింది.

మందు ఉన్నా కన్ను అలా కావచ్చట, ఖాయంగా చెప్పలేమంది. కానీ కాపలా తీసేసింది నేను. కొత్త మందు రాయలేదు. పాతదే మళ్ళీ మొదలుపెట్టి చూద్దామంది.

అక్కణ్ణుంచి తిన్నగా పిండిమరకి వెళ్ళాను, ఎందుకో నాకే తెలీదు, ఎవరినైనా తప్పు పట్టాలని కాబోలు. పిండిమర అక్క విని నెత్తి కొట్టుకుంది. గల్లా పక్కనున్న డబ్బా తీసి నా ముందు ఎత్తి చూపించింది. నిండా మాత్రలు. "ఇవి మానలేదని నీకు ఆ రోజే చెప్పాను కదయ్యా!" నిజమే, చెప్పింది. మర హోరులో వినపడలేదని నీకు రాద్దామనుకున్నాను. వినపడింది.

మంగళవారం సాయంత్రం ఇంజెక్షన్. గంట ముందు వాంతి మాత్ర వేశాను. సూది పట్టుకుని కూర్చున్నాను, అది తొడ చాపదు. రెండు చేతులూ మోకాళ్ళ చుట్టూ వేసుకుని ముడుచుకుంది.

"నేనొకటి చెప్తే కొట్టవుగా?" అంది.

నేను దాన్ని ఎప్పుడు కొట్టానని?

"బడిలో బ్రెడ్డు తిన్నాను నాన్నా. రోజూ. నా పక్క పిల్ల డబ్బాలోంచి. గుడ్డు కూడా. ఒక్క ముక్క తిన్నా ఒంట్లో నిప్పు అంటుకుంటుందని నువ్వు చెప్పావుగా. అందుకే నా కన్ను కాలిపోయింది కదా?"

నాలుగు రోజులు, ఏమే, నాలుగు రోజులు అది తన కన్ను తనే పోగొట్టుకున్నానని అనుకుంటూ, గంటకోసారి నా చేత చుక్కలు వేయించుకుంది. నా నోట్‌బుక్కులోని నిమిషాలూ చుట్టుకొలతలూ అన్నీ కాకిలెక్కలని ఆ క్షణంలో తెలిసింది, కానీ దాని గురించి ఆలోచించే స్థితిలో లేను. సూది బల్ల మీద పెట్టి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.

"బ్రెడ్డు వల్ల కాదమ్మా. నీ తప్పు ఏమీ లేదు. నేను మందు ఆపాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. తప్పు నాది."

"మరి అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"చెప్తావా?"

"చెప్తాను."

"ఎప్పుడు?" అచ్చం నీ గొంతే.

"ఆదివారం లోపల."

"నేను కదలకుండా ఉంటాను, నువ్వు చెప్పాలి" అని తొడ చాపింది. వేశాను. మాటమీద నిలబడింది, కదల్లేదు. రాత్రికి ఒక్కసారే వాంతయింది. పొద్దున రెండు గుడ్లు తింది. పాలు, బ్రెడ్డు, అన్నీ మళ్ళీ పెడుతున్నాను. పిల్లల తిండి సంగతి చూసే ఆవిడ దగ్గరికి వచ్చే బుధవారం వెళ్ళమన్నారు. ఆవిడ ఏం పెట్టమంటే అదే.

పిలుస్తున్నారు. వెళ్ళొస్తాం.

వచ్చాం. వ్యాన్‌కి ఇంకా గంటంపావు ఉంది. ఉన్నదున్నట్టు రాస్తాను. లోపలి వాపు బాగా తగ్గింది. అతుక్కున్న అంచు చాలావరకు విడిపోయింది. రెండు చోట్ల ఇంకా పట్టుకునే ఉంది, విడిపోవచ్చు, పోకపోవచ్చు. పొద్దున చుక్కలకి ముందు అక్షరాల పటం చదివించారు. శనివారం ఎడమకంటితో పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే చెప్పింది. ఇవాళ నాలుగు వరసలు చదివింది. ఐదోది రాలేదు. ఇక గంటకి కాదు, రెండు గంటలకోసారి చుక్కలు వేస్తే చాలన్నారు.

"పూర్తిగా వస్తుందా?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేను. శనివారం కంటే మేలు. మీరు ఇంకో నెల ఆగి వచ్చుంటే ఈ మాట కూడా చెప్పేవాణ్ణి కాదు" అన్నారు డాక్టరు.

నేను ఆగి ఉండేవాణ్ణే. మోకాళ్ళు బాగున్నంతకాలం ఆగేవాణ్ణి. ఆ రోజు అది భూతద్దం కుడికంటికే పెట్టుకుని ఉంటే? దాని గురించి ఆలోచించకూడదనుకుంటాను, అన్నం తింటూ ఆలోచిస్తాను, కాటా విప్పుతూ ఆలోచిస్తాను.

ఈ కాగితం వెనక ఇద్దరు డాక్టర్ల ఫోన్ నంబర్లూ రాశాను. వాళ్ళిద్దరికీ చెప్పి ఉంచాను, నువ్వు అడిగిందల్లా నీకు చెబుతారు. నా మాట నమ్మమని నిన్ను అడగను. ఇంజెక్షన్ వేసిన ప్రతిసారీ మన పక్కింటి టీచరమ్మ ఎదురుగా ఉండి ఆ పట్టీలో తనే సంతకం పెడుతుంది. నేనే అడిగాను. పని వదిలి రావాలనిపిస్తే వచ్చెయ్యి, నెల చివరికి వద్దామనుకుంటే అప్పుడే రా. ఏది చేసినా నువ్వు చెయ్యి, నేను సలహా చెప్పను. క్షమించమని కూడా ఇప్పుడు అడగడం లేదు. ముందు ఆ కన్ను ఎంతవరకు వస్తుందో చూడాలి.

ఒక్క సాయం మాత్రం చెయ్యి. ఆదివారం ఫోన్లో నన్ను తిట్టాలని నీకు ఉంటుంది. తిట్టు, ఐదు నిమిషాలూ తిట్టు, లైన్లోవాళ్ళు దగ్గినా ఆపకు. కానీ ముందు బొంగరాన్ని పిలువు. అది నిన్ను ఒకటే అడుగుతుంది, "నాన్న నీకు చెప్పాడా?" అని.

చెప్పాడను.

ఇట్లు,
నీ బొంగరం వాళ్ళ నాన్న